ఇటుకల పాఠం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ నోటుబుక్కు మా బిడ్డ శ్రుతి కోసం కొన్నదే. దానికి ఇప్పుడు బడి లేదు, హోంవర్కు లేదు. అందుకని నేనే మొదలుపెట్టాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి దస్తూరి ఎట్లా ఉన్నా ఫరవాలేదు.

నవంబరులో క్లాసులో ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు స్కూలువాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడారో. "కొన్ని రోజులు ఇంట్ల ఉంచుకోండి మేడం, మిగతా పిల్లలు భయపడుతున్నరు" అన్నారు. కొన్ని రోజులంటే ఎన్నో వాళ్లు చెప్పలేదు. నేనూ పదేళ్లు వనపర్తిలో అట్లాంటి స్కూల్లోనే సోషల్ చెప్పినదాన్ని. తల్లిదండ్రులతో ఇట్లాంటి మాట ఎంత మెత్తగా అనాలో నాకూ నేర్పించారు. అందుకే మండిపోతుంది. ఉద్యోగం మానేసి, దాన్ని తీసుకుని మా ఊరికి, నాయిన దగ్గరికి వచ్చేశాను. నా భర్త విజయ్ లారీ మీద తిరుగుతాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఆయనకు ఏ ఊరైనా ఒకటే.

మందులు వేసుకుంటే శ్రుతికి తల బరువెక్కుతుంది, పుస్తకం పట్టుకుంటే అక్షరాలు కదులుతాయంటుంది. పదకొండేళ్ల పిల్లను ఎంతసేపని మంచం మీద పడుకోబెడతాం? ఒకరోజు బైబిల్లోని నోవహు ఓడ కథ చెబుతూ అట్టపెట్టె ఇచ్చి కత్తిరించమన్నాను. మూడు రోజుల తర్వాత అడిగితే ఓడకు ఎన్ని అంతస్తులో, తలుపు ఏ వైపో గడగడా చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో చరిత్ర అంతా మట్టి, అట్టలు, మైదా జిగురు. ఇల్లు చూస్తే మా అమ్మ బతికుంటే చీపురు తిరగేసేది.

రెండో విద్యార్థిని సుహాసిని. పక్క గల్లీ తిరుపతమ్మత్త మనుమరాలు, ఎనిమిదేళ్లది. దాని అమ్మానాన్నలు పూణెలో బిల్డింగు పనికి పోయి, రెండేళ్లు వెంట తిప్పుకున్నారు. అక్కడ బడి లేదు, ఇక్కడ బడిలో పేరు లేదు. జూన్‌లో చేర్పించేదాకా నేను చెబుతానన్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

రాతి పలకలు రాకముందటి మట్టి పలకలు. మట్టిని రొట్టెలా తట్టి, చీపురు పుల్లను ఏటవాలుగా కోసి గుర్తులు నొక్కించాను. ఎప్పుడో మెసపొటేమియాలో ఇట్లాగే రాసేవారని చెప్పాను. సుహాసిని తన పలక మీద మూడు గొర్రెలు, ఒక సూర్యుడు నొక్కి "మా నాయినకు ఉత్తరం" అంది. ఏం రాశావంటే "మూడు గొర్లు కొను, తొందరగ రా" అని చదివింది. నాయిన మంచంలో కూర్చుని నవ్వాడు. ఆయనకు చదువు రాదు. "గిది నాకు గూడ వస్తదే" అని ఒక పలక తీసుకుని చుక్కలు పెట్టాడు.

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం శ్రుతికి ఫిట్స్ వచ్చాయి. మూడు నిమిషాలు. నేను వంటింట్లో ఉన్నాను, వచ్చేసరికే సుహాసిని దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద దుప్పటి మడిచి పెట్టింది. అరవలేదు, పారిపోలేదు. శ్రుతి కళ్లు తెరిచాక "అక్కా, నీ గుర్రం బొమ్మ ఆరిపోయింది, రంగేద్దామా" అని అడిగింది.

నలభై మంది పిల్లలున్న క్లాసులో ఒక్కరు కూడా దీని పక్కన కూర్చోలేదు. ఈ పిల్లను నాకు దేవుడే పంపాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఐగుప్తు, అంటే ఈజిప్టు, మొదలు. ఇటుకలు చేయాలి. బైబిలు నిర్గమకాండంలో ఐగుప్తు రాజు ఫరో తన బానిసలైన ఇశ్రాయేలీయులకు గడ్డి ఇవ్వడం మానేస్తాడు, గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గడానికి వీల్లేదంటాడు. గడ్డి ఎందుకో పిల్లలకు చేతులతో తెలియాలి. సగం ఇటుకలు వరిగడ్డి కలిపి, సగం కలపకుండా చేస్తే ఎండేటప్పుడు ఏవి పగులుతాయో వాళ్లే చూస్తారు.

నాయిన హుషారు చూడాలి. పొద్దున్నే చెరువు మట్టి తెచ్చాడు. పాత చెక్కలు కోసి చిన్న అచ్చు కొట్టాడు. మట్టిలో గడ్డి ఎంత సన్నగా తరగాలో, ఎన్నిసార్లు తొక్కాలో శ్రుతికి చెబుతుంటే మొహం వెలిగిపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్లదాకా పంచె ఎగ్గట్టి పిల్లలతో బురద తొక్కాడు. ఇంత సంతోషంగా ఆయన్ని అమ్మ పోయాక చూడలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

తప్పు నాదే.

పాఠం ఆటలాగా ఉండాలనుకున్నాను. పిల్లలు బానిసలు, వాళ్లతో పని చేయించే అధికారి ఒకరు కావాలి. "నాయినా, నువ్వు మేస్త్రివి కా" అన్నాను. ఊరంతా ఆయన్ని ఇప్పటికీ మేస్త్రీ అనే పిలుస్తారు. పద్నాలుగేళ్లు కూలీల గుంపును కట్టుకుని కాలువ పనులకు, డ్యాం పనులకు తీసుకుపోయినవాడు. నవ్వుకుంటామనుకున్నాను. అంత తెలివితక్కువ పని ఎట్లా చేశానో.

"నాకొద్దు బిడ్డా" అన్నాడు. పిల్లలు చేతులు పట్టి లాగారు. ఒక పుల్ల తీసుకున్నాడు. మొదట ఆటగానే, ఇరవై ఇటుకలు చేయాలన్నాడు. పన్నెండుకే ఇద్దరూ అలసిపోయి బురదలో కూర్చున్నారు. అప్పుడు ఆయన గొంతు మారింది.

"లేవ్. గా నడుం వంగుతలేదేంది? పొద్దు నీ సుట్టమా, నీ కోసం ఆగుతదా? లేవ్, లేవ్."

ఆ గొంతు నేను చిన్నప్పుడు విన్నది. శ్రుతి నిజంగానే లేచి నిలబడింది. సుహాసిని మట్టి గుంత అంచు దగ్గర ఆగి, "జారుతుంది తాతా, భయమైతుంది" అంది.

"భయమైతే చీర కట్టుకోని ఇంట్ల కూసో."

సుహాసిని పకపకా నవ్వింది. "నేను ఆడపిల్లనే గద తాతా" అంది. నాయిన చేతిలో పుల్ల కింద పడింది. గోడ పట్టుకుని మంచం దాకా నడిచాడు.

తలెత్తితే గేటు దగ్గర తిరుపతమ్మత్త. మనుమరాలిని పిలుచుకుపోవడానికి వచ్చింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. "అన్నకు గొంతు ఇంక గట్లనే ఉన్నది" అని మాత్రం అని, పిల్ల కాళ్లు కడిగి తీసుకుపోయింది.

ఫిబ్రవరి 20

నిన్న ఏమీ జరగలేదు. ముసలాయనకు ఎండ తగిలింది, అంతే.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇటుకలు ఎండాయి. గడ్డి లేనివి నాలుగు పగిలాయి. శ్రుతి కొలబద్ద పెట్టి పగుళ్లు కొలిచి రాసుకుంది.

ఐగుప్తులో ఇటుకలు పచ్చిగా ఉన్నప్పుడే ఫరో పేరున్న ముద్ర వేసేవారని చెప్పాను. శ్రుతి వెంటనే, "చేసింది వీళ్లు, పేరు ఆయనదా?" అంది. అవునన్నాను. "మరి చేసినోళ్ల పేర్లు?" ఎవరికీ తెలియదన్నాను. అయితే మన ఇటుకల మీద చేసినవాళ్ల పేర్లే వేద్దామని ఇద్దరూ తీర్మానించారు. కొత్తగా పచ్చివి చేసి పుల్లతో రాశారు. శ్రుతి వాళ్ల నాన్న పేరు, నా పేరు, తాత పేరు రాసింది. సుహాసిని నెమ్మదిగా, ఒక్కో అక్షరం నన్నడుగుతూ, పెంటయ్య అని రాసింది.

పెంటయ్య దాని తాత. తిరుపతమ్మత్త భర్త.

"మా తాత గూడ మట్టి పనికి పోయిండంట అత్తమ్మా. తాగి సచ్చిపోయిండంట. తాగినోళ్ల పేరు రాయొచ్చా?"

రాయొచ్చన్నాను. నాయిన మంచం మీద నుంచి, "ఏం రాసింది బిడ్డ?" అని అడిగాడు. శ్రుతి చదివి చెప్పింది. ఆయన మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. కడుపు బాగాలేదన్నాడు.

ఫిబ్రవరి 25

ఎప్పుడూ రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. విజయ్‌కి కూడా సగమే చెప్పాను. ఈరోజు రాసి పారేస్తాను, మనసు తేలికవుతుంది.

తొంభై ఆరు జనవరి. కర్ణాటక దిక్కు ఒక కాలువ పని. మా గుంపు నలభై మంది, గట్టు మీద గుడిసెలు. నాకు ఎనిమిదేళ్లు. పెద్ద మట్టి గడ్డను పైనుంచి తవ్వుకుంటూ వస్తే పని సాగదని, కింద తొలిచి పైది దానంతట అదే కూలేటట్టు చేసేవారు. నాయినకు రొట్టె తీసుకుపోయినప్పుడు పెంటయ్య మామ ఆయనతో మాట్లాడుతున్నాడు. "గడ్డ మీద చీలిక వడ్డది మేస్త్రీ, ఇయ్యాల లోపలికి పోవద్దు" అన్నాడు. నాయిన, "భయమైతే చీర కట్టుకోని ఇంట్ల కూసో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెంటయ్య మామ పార తీసుకుని లోపలికి పోయాడు.

గడ్డ కూలి మీద పడింది. బయటికి తీసేసరికి ప్రాణం లేదు. టార్పాలిన్ పట్టా మీద పడుకోబెట్టారు. అందరూ కాంట్రాక్టరు జీపు కోసం రోడ్డు మీదికి ఉరికారు. నేను నీళ్ల డ్రమ్ము వెనక దాక్కున్నాను. నాయిన ఎవరిదో గుడిసెలోకి పోయి సారా సీసా తెచ్చాడు. పెంటయ్య మామ అంగీ మీద పోశాడు. నోట్లో కూడా కొంచెం పోసి, పెదాలు తన తువ్వాలుతో తుడిచాడు. తుడిచేటప్పుడు ఏడ్చాడు. అది కూడా చూశాను.

కాంట్రాక్టరు వంగి వాసన చూసి తల ఊపాడు. తాగి గడ్డ కింద పడుకున్నాడని రాసుకున్నారు. కేసు లేదు, పని ఆగలేదు. ఆ కాలువ పక్కనే పూడ్చారు.

తిరుపతమ్మత్త అప్పుడు ఇక్కడ ఊళ్లో, పది రోజుల బాలింత. నాయిన వచ్చి, కొడుకు పుట్టిన ఖుషీలో తాగాడని చెప్పాడు. సారా వాసనకే మొహం తిప్పుకునే మనిషి గురించి. ఆమె నమ్మింది. నలభై మంది వాసన చూశారు కదా, ఎందుకు నమ్మదు?

నేను చిన్నదాన్ని. నాకేం తెలుస్తుంది.

తేలిక కాలేదు.

ఫిబ్రవరి 27

విజయ్ ఫోన్ చేశాడు. కొంచెం చెప్పాను. "ఇప్పుడెందుకు తవ్వుతవ్? ఆ పిల్ల రాకపోతే మన శ్రుతికి ఎవరున్నరు?" అన్నాడు. నేను అనుకుంటున్న మాటే ఆయన నోటి నుంచి వింటే అసహ్యం వేసింది. పెట్టేశాను.

మార్చి 4, మంగళవారం

నాయినను అడిగాను. పిల్లలు లేని సమయం చూసి. నాకు తెలుసని ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు.

"డ్రమ్ము ఎనక ఉంటివా?" అన్నాడు. ఆ తర్వాత కాలి గోళ్లు చూసుకున్నాడు.

"నలభై మంది బిడ్డా. కేసైతే గుంపంత వాపసు వచ్చేది. పిల్లజెల్లలతోని ఏం దింటరు?"

"నలభై మంది కోసమా నాయినా, నీ కోసమా?"

"అప్పుడైతే నలభై మందే అనుకున్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తెల్వదు."

తిరుపతమ్మత్తకు చెప్పమన్నాను. చేతులు జోడించాడు. నా కన్నతండ్రి నాకు చేతులు జోడించాడు. "నా నోటికి రాదు. నేను సచ్చినంక నువ్వు జెప్పు" అన్నాడు.

ఈ మనిషే రాత్రిపూట శ్రుతి మందుల టైము కోసం అలారం లేకుండా లేస్తాడు. దానికి ఫిట్స్ వస్తే దవాఖానకు భుజం మీద మోసుకుని బస్టాండుదాకా పరుగెత్తింది ఈయనే. నాకు ఆయన మీద కోపం రావాలి. వస్తుంది. అంతకంటే ఎక్కువ ప్రేమ వస్తుంది, ఆ రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో ఏ బైబిలు క్లాసులోనూ చెప్పలేదు.

మార్చి 5

ఇటుకలు అటకెక్కించాను. నైలు నది చెప్పాను. ట్రేలో ఇసుక, నీలం కవరు.

మార్చి 7

నైలు నది.

మార్చి 10

మళ్లీ నైలు నది. శ్రుతి, "అమ్మా, వాళ్లను విడిపించే మోషే ఎప్పుడొస్తడు?" అంది. వస్తాడులే అన్నాను.

శ్రుతి కోసమే ఆగుతున్నాను. పిల్ల ఆరోగ్యం కుదుటపడాలి, డాక్టరు మందు తగ్గించాలి, అప్పుడు చూద్దాం. ఇరవై తొమ్మిదేళ్లు ఆగింది ఇంకో ఆరు నెలలు ఆగదా?

మార్చి 14, శుక్రవారం

సుహాసిని చెంప వాచి ఉంది. వేళ్ల గుర్తులు.

తాత పేరున్న ఇటుకను అటక మీద నుంచి శ్రుతితో తీయించుకుని, నిన్న ఇంటికి తీసుకుపోయిందట. దేవుని పటం కింద పెట్టిందట. తిరుపతమ్మత్త చూసి చెంప మీద కొట్టి, ఇటుకను మురికి మోరీలో వేసిందట. "తాగుబోతు పేరు ఇంట్ల పెడ్తవా అన్నది అత్తమ్మా. మా నాయిన పుట్టినందుకే తాగిండంట. మా నాయినను గూడ అట్లనే తిట్టేదంట చిన్నగున్నప్పుడు, నువ్వు పుట్టి మింగినవ్ అని."

కొబ్బరినూనె రాశాను. చెంప మీద కొట్టింది తిరుపతమ్మత్త కాదు.

మార్చి 17, సోమవారం

చెప్పేశాను.

పొద్దున పదింటికి, పిల్లలిద్దరినీ నాయిన దగ్గర వదిలి, వాళ్లింటికి పోయాను. అత్త అరుగు మీద పల్లికాయలు ఒలుస్తుంది. నేనూ కూర్చుని నాలుగు ఒలిచాను. ఆ తర్వాత ఇంకో నాలుగు. ఇట్లా సాయంత్రందాకా ఒలుస్తూ కూర్చుంటానని నాకే అనుమానం వచ్చి, ఒక్కసారిగా అనేశాను.

"అత్తా, పెంటయ్య మామ తాగలే."

"వాసన జూసిన్రు గద బిడ్డా అందరు."

"ఆ వాసన మా నాయిన పోసింది."

మొత్తం చెప్పాను. చీలిక సంగతి, చీర మాట, సీసా, తువ్వాలు. ఆమె చేతులు పల్లికాయల మీదే ఉన్నాయి, ఒలవడం ఆగింది.

"నువ్వు జూసినవా?"

"చూసిన."

"అప్పుడు నీకెన్నేండ్లు?"

"ఎనిమిది."

"ఇప్పుడు?"

"ముప్పై ఏడు."

ఆమె మళ్లీ ఒక పల్లికాయ తీసుకుంది. తిట్టినా బాగుండేది. ఈ నోటుబుక్కులో నేను చిన్నదాన్నని రాసుకున్నాను. ఆ పేజీ చింపేయాలనిపించింది, కానీ చింపలేదు. ఉండనీ.

ఆమె తనలో తనే మాట్లాడుకున్నట్టు అంది. "పోయేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండు, సారా ముట్టనని. ఒట్టు తప్పిండని నేను ఆయన ఫోటువ కాలవెట్టిన. నా కొడుకును, గోపిగాన్ని... గోపిగాన్ని ఏమేమన్ననో నీకు తెల్వదు. ఆయన్ని తిట్టని రోజు లేదు బిడ్డా. ఇగ నేనెవరిని మాఫీ అడగాలె?"

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. కాళ్లు వెనక్కి తీసుకుంది.

"పో. పిల్లను పంపియ్యి. ఇగ మీ ఇంటికి రాదు."

మార్చి 18

సుహాసిని రాలేదు.

మార్చి 19

రాలేదు. శ్రుతి గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

మార్చి 21

నాయినతో చెప్పేశాను, నేను చెప్పానని. "ఏమన్నది?" అన్నాడు. "ఏమనలే. పిల్లను పంపనన్నది." తల ఊపాడు. సాయంత్రం హోటలు దగ్గర ఎవరో "మేస్త్రీ, ఛాయ్ తాగుదాం రా" అని పిలిస్తే వినపడనట్టు వెళ్లిపోయాడట. ఆయనకు చెవులు బాగానే వినపడతాయి.

ఏప్రిల్ 2, బుధవారం

శ్రుతికి మళ్లీ ఫిట్స్ వచ్చాయి. నాలుగు నిమిషాలు. లేచాక నన్ను కాదు, నాయినను కాదు, సుహాసినిని అడిగింది. "చెల్లెకు నేనంటే భయమైందా అమ్మా?" అంది.

కాదు బిడ్డా, అన్నాను. మరెందుకు రాదంటే పక్క సర్దాను. దాని స్నేహితురాలిని నేనే పోగొట్టాను. నిజం చెప్పినందుకు మంచిదాన్ని అయ్యానని అనిపించడం లేదు. అప్పుడప్పుడు అసలు చెప్పకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ చెంప గుర్తుకొస్తే మళ్లీ అట్లా అనిపించదు. రోజుకు పదిసార్లు అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఏప్రిల్ 9

శ్రుతికి పాఠం చెప్పబోతే, "ఒక్కదాన్నే ఏం నేర్చుకోవాలె" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ 19, శనివారం

సమాధులకు సున్నం వేసి వచ్చాం. రేపు ఈస్టరు. అమ్మ సమాధికి నేను సున్నం వేస్తుంటే నాయిన పక్కన కూర్చున్నాడు. వచ్చేటప్పుడు నువ్వు నడువు, నేను వస్తానన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే తిరుపతమ్మత్త వాళ్ల గల్లీలోకి తిరిగాడు.

గంట తర్వాత వచ్చాడు. లోపలికి పోలేదట. వాకిట్లో నిలబడి, "చెల్లె, రేపు పొద్దుగాల సమాధుల కాడికి రా" అన్నాడట. ఏటా ఈస్టరు రోజు పొద్దున్నే వాడంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేస్తుంది. ఆమె ఒక్కసారి కూడా రాలేదు. ఆమె కొవ్వొత్తి పెట్టడానికి ఇక్కడ సమాధి లేదు, పెట్టాలన్న మనసూ ఇన్నేళ్లు లేదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

వరుసగా రాయాలి.

తూర్పు ఎర్రబడుతుండగా అందరం చేరాం. అరవై, డెబ్బై మంది. పాస్టర్ యేసుబాబు గారు ప్రార్థన ముగించి, పాట అందుకోబోతుంటే నాయిన చెయ్యెత్తాడు. "అయ్యా, ఒక సాక్ష్యం జెప్పాలె" అన్నాడు. దేవుడు చేసిన మేలు నలుగురిలో లేచి చెప్పే సాక్ష్యం మా నాయిన ఎప్పుడూ చెప్పలేదు. పాస్టరు గారు సంతోషంగా చెప్పమన్నారు, ఏదో జబ్బు నయమైన సంగతి అనుకున్నారు పాపం.

అప్పుడు చూశాను. తిరుపతమ్మత్త వచ్చింది. అందరికీ వెనక, తుమ్మచెట్టు పక్కన, సుహాసిని చెయ్యి పట్టుకుని నిలబడింది.

నాయిన అటు చూసి, ఆ తర్వాత నేల వైపు చూస్తూ చెప్పాడు. "పెంటయ్య తాగలే. గడ్డ చీలింది, పోవద్దన్నడు. నేనే ఎక్కిరించి లోపలికి పంపిన. సచ్చినంక సారా నేనే పోసిన. కొడుకు పుట్టిన ఖుషీల తాగిండన్నది నా అబద్ధం."

మా పెద్దమ్మ ఒకామె, "ఇప్పుడెందుకయ్యా గవన్ని" అని గొణిగింది. తిరుపతమ్మత్త సుహాసిని చెయ్యి వదిలి మనుషుల మధ్య నుంచి ముందుకు వచ్చింది. నాయిన ఎదురుగా నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొడితే ఆపకూడదనుకున్నాను.

"ఇంకోపారి జెప్పు" అంది. "గట్టిగ జెప్పు. ఎనకోళ్లకు ఇనవడలే."

నాయిన తలెత్తి మళ్లీ చెప్పాడు. ఈసారి మేస్త్రి గొంతుతో చెప్పాడు, రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినపడేటట్టు. ఆమె చివరి మాటదాకా విని, మనుమరాలిని తీసుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక నాయిన కాళ్లకు నీళ్లు పోశాను. ఆయన ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాను.

ఏప్రిల్ 23

వాడలో ముగ్గురు నాయినతో మాట్లాడటం మానేశారు. ఆ రోజు ఆ గుంపులో ఉన్న ముసలాయన ఒకడు మాత్రం వచ్చి, "నాకు గూడ అనుమానముండె మేస్త్రీ, నేను గూడ నోరు దెరవలే" అని, మంచం మీద కాసేపు కూర్చుని పోయాడు.

సుహాసిని రాలేదు. వస్తుందని నేను అనుకోలేదు. కొంచెం అనుకున్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

పొద్దున గేటు చప్పుడైంది. సుహాసిని. లోపలికి రాకుండా గేటు బయటే నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మా నాయినమ్మ చెప్పి రమ్మన్నది. నేను మీ ఇంటికి రావద్దంట. నువ్వే మా ఇంటికొచ్చి చెప్పాలెనంట. నువ్వు, శ్రుతక్క. తాత రావద్దంట."

నాయిన మంచం మీద నుంచి విన్నాడు. "పోండ్రి, పోండ్రి, ఆలస్యం చేయకుండ్రి" అని శ్రుతి చెప్పులు తనే తెచ్చి ఇచ్చాడు.

అత్త అరుగు ఊడ్చి చాప వేసి ఉంచింది. నన్ను రమ్మనలేదు, కూర్చోమనలేదు. లోపల గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మొదలుపెట్టాను. మోషే వచ్చాడు, ఫరో మొండికేశాడు, ఐగుప్తు మీద దేవుడు పంపిన తెగుళ్లు మొదలయ్యాయి. నది నెత్తురైంది. ఆ తర్వాత కప్పలు. పడక గదుల్లో, మంచాల మీద, పొయ్యిల్లో, పిండి పిసికే తొట్లలో కప్పలు. పాత క్యాలెండరు కాగితాలతో కప్పలు మడవడం నేర్పించాను. వెనక నొక్కితే గెంతుతాయి. పిల్లలిద్దరూ ఆరు వారాలుగా మాట్లాడుకోనివన్నీ ఆ కప్పల మీద మాట్లాడుకున్నారు. ఎవరి కప్ప దూరం గెంతుతుందని పందెం. శ్రుతి నవ్వడం విని చాలా రోజులైంది.

సుహాసిని కప్ప ఒకటి ఎగిరి పోయి గడప దాటి తిరుపతమ్మత్త ఒడిలో పడింది.

ఆమె దాన్ని చూసింది. పెదాలు బిగబట్టింది. నవ్వు ఆపలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ తాతకు కప్పలంటే పానం బొయ్యేది" అంది.

సుహాసిని నోరు తెరుచుకుని చూసింది. ఆ ఇంట్లో తాత గురించి తిట్టు కాని మాట వినడం దానికి అదే మొదలు.

"లగ్గమై నాలుగు రోజులు గాలే. వాన వడ్డది, ఇంట్లకొక కప్ప వచ్చింది. గంత పొడుగు మనిషి మంచమెక్కి నిలవడ్డడు. కొత్త పెండ్లిపిల్లను, నన్ను వట్టుకోని, నువ్వే తియ్యి, నువ్వే తియ్యి అని మొత్తుకుంటడు. నేను చీపురుతోని దోస్తుంటే అది మంచం దిక్కే గెంతుతది. సిగ్గు గూడ లేకుండ గోడ గూట్లకు ఎక్కవోయిండు."

పిల్లలు నవ్వీ నవ్వీ చాప మీద దొర్లారు. ఆమె కూడా నవ్వింది. కళ్లలో నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇంక జెప్పు నాయినమ్మా" అని సుహాసిని ఒళ్లోకి పోయి పడింది.

అత్త జాకెట్టులో నుంచి చిన్న ఫోను తీసి నా వైపు చాచింది. ఆ పల్లికాయల రోజు తర్వాత నా మొహం చూసి మాట్లాడటం అదే మొదటిసారి. "గోపికి కలుపు" అంది. పూణెకు కలిపి ఇచ్చాను. అవతల మిక్సర్ యంత్రం మోత. ఆమె గట్టిగా మాట్లాడింది.

"గోపీ, పనిల ఉన్నవా? జర పక్కకు రా. మీ నాయిన సంగతొకటి జెప్పాలె. కాదు, అది మొన్న జెప్పిన గద. అది గాదు కొడ్కా. ఇది కప్ప సంగతి."